పాతబస్తీ ప్రజలారా, మన గాలి లెక్క మనమే రాద్దాం!



ఈ రోజు పొద్దుటినుంచి మీరు పీల్చిన గాలిని ఎవరైనా కొలిచారా?

ఫోన్‌లో సమీర్ యాప్ తెరిస్తే హైదరాబాద్ గాలి గురించి ఒక అంకె కనిపిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి నగరంలోనూ చుట్టుపక్కలా పెట్టిన యంత్రాల నుంచి ఆ అంకె వస్తుంది. మన వైపు చూస్తే ఒక యంత్రం జూపార్కులో, ఇంకొకటి న్యూ మలక్‌పేటలో ఉన్నాయి. జూపార్కు అంటే 380 ఎకరాల చెట్లు, పక్కనే మీరాలం చెరువు. ఆ యంత్రం తన చోట ఉన్న గాలిని సరిగ్గానే కొలుస్తుంది, దాన్ని తప్పుపట్టేది లేదు. కానీ మన బతుకు అక్కడ లేదు. మదీనా చౌరస్తాలో బండ్ల పొగ మధ్య మనం నిలబడతాం. చిన్న గదిలో కుంపటి ముందు కూర్చుంటాం. తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్డు ఊడుస్తాం. ఆటో నడుపుతూ ముందున్న లారీ సైలెన్సర్‌కు ఎదురుగా రోజంతా గడుపుతాం. ఇక్కడి గాలికి లెక్క లేదు. లెక్క లేని దానికి జవాబు చెప్పే అధికారీ ఉండడు.

ఆ లెక్క మనమే రాయాలని ఈ కరపత్రం. చొక్కాకో, భుజం మీది సంచికో తగిలించుకునే చిన్న గాలి మీటర్లు ఇప్పుడు వచ్చాయి. మనిషి ఎక్కడికి పోతే అక్కడికి అవీ వస్తాయి. వంటింట్లో, దుకాణంలో, బస్సులో, బడి దారిలో ఆ మనిషి ముక్కు దగ్గరి గాలి ఎలా ఉందో నిమిషం నిమిషం నమోదు చేస్తాయి. పాతబస్తీలో ప్రతి పనికీ, ప్రతి గల్లీకీ కొందరు వీటిని రెండేసి రోజులు ధరించాలని మా పిలుపు.

లాడ్ బజార్‌లో లైట్ల కింద మెరిసే లక్క గాజు తయారయ్యే గదిలోకి ఒకసారి వెళ్లి చూడండి. గదికి తలుపు ఒకటే. కిటికీ ఉన్నా దానికి అడ్డంగా సామాను పెట్టి ఉంటుంది. మధ్యలో బొగ్గుల కుంపటి. కర్ర చివర లక్క ముద్దను నిప్పు మీద తిప్పుతూ మెత్తబరుస్తారు, సాగదీస్తారు, గుండ్రంగా వంచి రెండు కొసలూ అతికిస్తారు. లక్క వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటిగా పొదగాలి, చల్లబడితే రాయి పట్టదు. అందుకని పని నడుస్తున్నంతసేపు ఫ్యాను వేయడానికి వీలుండదు. ముఖం నిప్పుకు దగ్గరగా వంచి గంటల తరబడి కూర్చోవాలి. బొగ్గు పొగ, కాలిన లక్క వాసన, రంగుల ఘాటు అన్నీ ఆ గదిలోనే తిరుగుతాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు గుర్తింపు వచ్చినందుకు మనందరికీ సంతోషమే. దాన్ని చేసే మనిషి ఊపిరికి ఇంతవరకు ఒక్క మీటరూ పెట్టలేదు.

2015 జనవరిలో పోలీసులు పాతబస్తీ ఇళ్లలో సోదాలు చేసి 200 మందికి పైగా పిల్లలను గాజుల పని నుంచి విడిపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎక్కువ మంది బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు. గాలి ఆడని గదుల్లో రోజంతా పనిచేశారు. వాళ్లు ఎంత పొగ మింగారన్నది ఏ కాగితం మీదా లేదు. అప్పుడే ఎవరో ఒకరు కొలిచి ఉంటే వాళ్ల వైద్యానికి, నష్టపరిహారానికి అదొక ఆధారమయ్యేది.

అసలు ఏం కొలుస్తాం? ముఖ్యంగా పీఎం 2.5 అనే సన్నని నలుసులను. వీటి సైజు 2.5 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ. అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ఇంకా సన్నం. ముక్కు వెంట్రుకలకు చిక్కవు, దగ్గితే బయటికి రావు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి, కొన్ని నెత్తుట్లో కలుస్తాయి. ఆయాసం, దగ్గు వీటి వల్ల వస్తాయని మనకు తెలుసు. గుండెపోటుకూ పక్షవాతానికీ కూడా ఇవి కారణమని, కడుపులో బిడ్డ బరువు తగ్గడానికీ వీటికీ సంబంధం ఉందని డాక్టర్లు చెప్తున్నారు. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల సుమారు 16.7 లక్షల మంది చనిపోయారని 2020 డిసెంబర్‌లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది.

మన దేశపు ప్రమాణం ప్రకారం రోజు సగటు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు రోజుకు 15, ఏడాదికి 5 మాత్రమే. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో చూడండి.

మీటరు పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. చీకటి గదిలోకి పైకప్పు కంతలోంచి ఎండ పడితే అందులో దుమ్ము కణాలు మెరుస్తూ తిరగడం మనం చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. పెట్టెలో చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లోపల లేజరు కాంతి వెలుగుతుంటుంది. నలుసు ఆ కాంతికి అడ్డం వస్తే కాంతి చెదురుతుంది, పక్కనున్న సెన్సార్ ఆ చెదిరిన కాంతిని పట్టుకుని లెక్కబెడుతుంది. మంచి మీటరు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతోంది. కాలుష్య మండలి పెట్టే పెద్ద యంత్రానికి లక్షలు పోయాలి, ఏసీ గది కట్టాలి.

ఇది మన దగ్గర ఎవరూ చేయని కొత్త పని అనుకోకండి. హైదరాబాద్‌కు ఆగ్నేయాన రంగారెడ్డి జిల్లాలోని 28 ఊళ్లలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, బార్సిలోనాలోని ఐఎస్‌గ్లోబల్, ఇంకొన్ని సంస్థలు కలిసి ‘చాయ్’ అనే పేరుతో ఈ పని చేశాయి. ఆ ఊళ్ల జనం ఒంటిమీద గాలి మీటరు, జీపీఎస్, చిన్న కెమెరా పెట్టుకుని తమ రోజువారీ పనులు చేసుకున్నారు. 2018లో అచ్చయిన ఒక భాగంలో 50 మందిని ఒక్కొక్కరిని ఆరు రోజుల దాకా, 24 గంటల పాటు కొలిచారు. ఏం తేలింది? ఒంటికి తగిలిన కాలుష్యంలో ఆడవాళ్లకు 89 శాతం, మగవాళ్లకు 67 శాతం ఇంట్లో ఉన్నప్పుడే తగిలింది. రోజులో ఎక్కువ సమయం గడిచేది అక్కడే కాబట్టి. ఆడవాళ్లకు పొద్దున పూట మోతాదు బాగా పెరిగింది. మగవాళ్లకు మిగతా రోజంతా ఎక్కువగా ఉంది. వంట జరిగే చోటు, బీడీ సిగరెట్ తాగేవాళ్ల పక్కన ఉండడం, పరిశ్రమలో పనిచేయడం మగవాళ్లకు మోతాదును పెంచాయి. ఒకే ఊరు, కొన్నిసార్లు ఒకే ఇల్లు. అయినా మనిషికీ మనిషికీ లెక్క వేరు. ఒకే చోట పెట్టిన యంత్రం ఈ సంగతి ఎప్పటికీ చెప్పలేదు.

ఆ ఊళ్ల నుంచే ఇంకో సంగతి బయటపడింది. 3,717 మంది మీద చేసిన అధ్యయనం 2020లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పీఎం 2.5 ఎక్కువున్న చోట ఉండేవాళ్ల ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉందని అందులో కనిపించింది. అక్కడి ఏడాది సగటు 32.8 మాత్రమే, అంటే మన దేశపు హద్దు 40కి లోపలే. హద్దు దాటలేదు కాబట్టి భయం లేదని ఎవరైనా అంటే ఈ అంకె చూపించండి.

2019లో లండన్‌లో ఐదు బడుల్లో సుమారు 250 మంది పిల్లలు మీటర్లు కుట్టిన బ్యాగులు వేసుకుని బడికి వెళ్లారు. పెద్ద రోడ్డు వదిలి వెనక వీధుల్లో నడిస్తే పీల్చే కాలుష్యం తగ్గుతుందని తమ అంకెల్లోనే వాళ్లు చూసుకున్నారు. మన హైదరాబాద్‌లోనే గచ్చిబౌలి వైపు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు సుమారు 4 చదరపు కిలోమీటర్లలో దాదాపు 50 సెన్సార్లు పెట్టి, గల్లీ మారితే గాలి ఎలా మారుతుందో చూశారు. ఆ పని అక్కడ చేయగలిగినప్పుడు చార్మినార్ చుట్టూ కూడా చేయవచ్చు. వాళ్ల సాయం మనం అడుగుదాం.

ఎవరు ధరించాలి? మొదట గాజుల కార్మికులు, ఇంట్లో కూర్చుని రాళ్లు పొదిగే అక్కలు. పొద్దున్నే రోడ్లు ఊడ్చే మున్సిపల్ స్వీపర్లు. ఆటో అన్నలు. బేగంబజార్ హమాలీలు. తుక్కు దుకాణాల్లో వైర్లు కాల్చి రాగి తీసేవాళ్లు. కాటేదాన్, శాస్త్రిపురం వైపు ప్లాస్టిక్ పనిలో ఉన్నవాళ్లు. హలీం భట్టీల దగ్గర రంజాన్ నెలంతా నిలబడేవాళ్లు. మెట్రో పనుల పక్కన ఇళ్లున్నవాళ్లు తప్పకుండా ముందుకు రావాలి. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీలోకి వచ్చే మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. 2025 జనవరి నుంచి దారుల్‌షిఫా, పురానీ హవేలీ వైపు కట్టడాలు కూల్చడం మొదలైంది. మెట్రో రావాలి, మనకూ కావాలి. కూల్చేటప్పుడు నీళ్లు చల్లారా, పరదాలు కట్టారా, శిథిలాలను మూసిన బండిలో తరలించారా? అక్కడ ఉండేవాళ్ల మీటరు ఈ ప్రశ్నలకు జవాబిస్తుంది.

మీటరుతో పాటు ఒక నోటు పుస్తకం ఇస్తాం. మీటరు అంకె మాత్రమే చెప్తుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు. కాబట్టి రాయాలి. ‘ఆరున్నర, పొయ్యి వెలిగించాం.’ ‘పదకొండు, గల్లీలో చెత్త కాల్చారు.’ ‘సాయంత్రం ఏడు, దోమల చక్రం పెట్టాం.’ సాంబ్రాణి వేసినా, ఊదు కాల్చినా, ఇంట్లో ఎవరైనా బీడీ తాగినా అంకె పైకి పోతుంది, అది కూడా దాచకుండా రాయాలి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలు రాస్తారు. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ చిన్న మీటర్లు తేమ ఎక్కువున్నప్పుడు అసలుకన్నా ఎక్కువ చూపిస్తాయి, ఎందుకంటే నలుసులు తేమ పీల్చి ఉబ్బుతాయి. వానకాలంలో, చలికాలం తెల్లవారుజామున ఈ పొరపాటు ఎక్కువ. అందుకే మన మీటర్లను ముందుగా కొన్నాళ్లు జూపార్కు యంత్రం పక్కన పెట్టి పోల్చి చూడాలి. అందుకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వాలి, ఇదే మన మొదటి డిమాండ్. అలా సరిచూసిన అంకెను ‘మీ మీటరు నమ్మలేం’ అని ఏ అధికారీ పక్కన పడేయలేడు.

ఇక మీ మనసులో ఉన్న భయాల సంగతి. పాతబస్తీలో ఉండేవాళ్లకు ఒంటిమీద మిషను అంటేనే గుబులు. ఆ గుబులు ఊరికే పుట్టలేదు. అర్ధరాత్రి పోలీసులు బస్తీని చుట్టుముట్టి చేసే కార్డన్ సర్చ్‌లు చూశాం. రోడ్డు మీద ఆపి ముఖం ఫోటో తీసుకోవడం చూశాం. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాల మీద పాతబస్తీకి చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్‌ను రాష్ట్ర హైకోర్టు విచారణకు తీసుకుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ తిరిగారో చెప్పే జీపీఎస్ రికార్డు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే ఏమవుతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ముందే మాట ఇస్తున్నాం. కెమెరా ఉండదు. జీపీఎస్ మీరు సరే అంటేనే, లేకుంటే ఆపేస్తాం, నోటు పుస్తకమే చాలు. మీటరు మీద మీ పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. రెండు రోజుల తర్వాత మీ అంకెలు ముందు మీకే చూపిస్తాం. వద్దంటే అక్కడే చెరిపేస్తాం. బస్తీ మొత్తం లెక్క మాత్రమే బయటికి వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మన అంగీకారమే ముఖ్యమంటుంది. నమాజుకు, పూజకు, స్నానానికి, పడుకునేటప్పుడు మీటరు తీసి పక్కన పెట్టుకోవచ్చు.

రెండో భయం ఇంకా పెద్దది. ‘అంకె ఎక్కువ వస్తే మా దుకాణం మూయిస్తారు, మా పని పోతుంది.’ గాజుల భట్టీ అన్నలూ, వెల్డింగ్ షాపుల అన్నలూ, జాగ్రత్తగా వినండి. మా డిమాండ్ దుకాణం మూయడం కాదు. పొగ బయటికి పోయే గొట్టం, కుంపటి మీద పొగను లాగే హుడ్, బొగ్గుకు బదులు గ్యాస్ లేదా కరెంటు హీటరు, వీటికి సర్కారు సబ్సిడీ. భౌగోళిక గుర్తింపు ఉన్న కళకు ఇంత కూడా చేయలేరా? పేరు లేకుండా అంకె వస్తుంది కాబట్టి ఏ ఒక్క దుకాణం మీదా వేలు పడదు. కార్మికుడి కడుపు కొట్టే గాలి ఉద్యమం మాకు వద్దు.

వేడి గురించి కూడా ఒక మాట. చాలా మీటర్లు ఉష్ణోగ్రతనూ కొలుస్తాయి. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో ఆ అంకెలు చెప్తాయి. 2023లో రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, అంతకు మించిన స్థలంలోని ఇళ్లకు తప్పనిసరి. అరవై గజాల ఇంటికి అది ఇష్టమైతే చేసుకునేది. మన బస్తీల్లో అరవై గజాల ఇళ్లే ఎక్కువ. వేడి ఎక్కువ తగిలేది ఎవరికో చూపించి, కప్పు చల్లబడేలా వేసే సున్నం ఖర్చు సర్కారే భరించాలని అడుగుదాం.

లెక్క చేతికి వచ్చాక ఏం చేస్తాం? దాన్ని గోడకు అంటిస్తాం, ప్రతి బస్తీలో. తర్వాత సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి అర్జీతో పోతాం. కాలుష్య మండలి సనత్‌నగర్ ఆఫీసుకు పోతాం. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్ ఉంది. ఆ పేరుతో వచ్చిన డబ్బులో చార్మినార్ చుట్టుపక్కల ఎంత ఖర్చయిందని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడతాం. 1981 నాటి గాలి చట్టం 43వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి సామాన్యుడు కూడా కోర్టుకు పోవచ్చు. అలా ఫిర్యాదు చేసేవాళ్లు అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు చూపించాలి. ఆపైన చెన్నైలో హరిత ట్రిబ్యునల్ బెంచి ఉంది. బస్తీ దవాఖానాల్లో ఊపిరి ఊది చూసే స్పైరోమీటరు పెట్టాలని, ఏడాదికొకసారి గాజుల కార్మికులకు, స్వీపర్లకు ఆ పరీక్ష ఉచితంగా చేయాలని డిమాండ్ చేస్తున్నాం. ఊపిరి ఎంత తగ్గిందో ఈ పరీక్ష చెప్తే, ఎందుకు తగ్గిందో మన పుస్తకం చెప్తుంది. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే మాటకు బలం.

బోనాలకు, మొహర్రంకు, రంజాన్‌కు ఈ గల్లీలన్నీ ఒక్కటవుతాయి. వచ్చే బోనాల లోపల కనీసం ఒక్కో బస్తీ నుంచి పది మంది మీటరు ధరించిన లెక్క మన దగ్గర ఉండాలి. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అంకెలను కాగితం మీద గీతలుగా గీయడానికి మీరు కావాలి. బస్తీ దవాఖానా డాక్టర్లూ నర్సులూ, ఎవరికి ముందు మీటరు కట్టాలో చెప్పడానికి మీరు కావాలి. మసీదు కమిటీలు, గుడి కమిటీలు, యూత్ సంఘాలు ఒక గది, ఒక బల్ల ఇస్తే చాలు. మీటరు కొనే స్తోమత ఉన్నవాళ్లు ఒకటి కొని బస్తీకి ఇవ్వండి, ఎవరికి నగదు ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి.

ఈ కాగితం మీ చేతికి ఇచ్చినవాళ్లు మీ గల్లీవాళ్లే, మీకు తెలిసినవాళ్లే. పేరు వాళ్లకే చెప్పండి. ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారో, ఎవరికి దగ్గు, ఆయాసం ఉందో చెప్పండి. ఇదే కాగితం ఉర్దూలో కూడా ఉంది, పక్కింటి ఖాలాకు, చిచ్చాకు అది ఇప్పించండి. చదివి పారేయకండి, ఇంకొకరికి ఇవ్వండి. ఈ శుక్రవారం లోపల పేరు ఇచ్చినవాళ్లతో మొదటి విడత మొదలవుతుంది. రండి, మీటరు కట్టండి, లెక్క రాయండి, ప్రజావాణికి మాతో నడవండి.

మీ పాతబస్తీ పొరుగువాళ్లం